ఊదా టోపీ – పదకొండో భాగం: గురువారం కరెంటు ఎవరింట్లో ఉంది

టోపీ మాయమైన చోట కిందటి వారం ఆగాం. ఎదిలూస్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. తెర మీద ఆమె బొమ్మ, ఇనుప చొక్కా తొడుక్కున్న ఆడమనిషి, బూడిద లోయలో ఎప్పటిలాగే ఈటె పట్టుకుని నిలబడి ఉంది. దాని సామాన్ల పెట్టెలో టోపీ ఉండాల్సిన గడి మాత్రం ఖాళీ.

అది ఎండకు అడ్డం పడే టోపీ కాదు. ముట్టుకోవడానికి కూడా ఉండదు. ఆటలో బొమ్మ నెత్తిన పెట్టుకునే ఊదారంగు టోపీ. లోయలో తిరిగే రెక్కల సర్పాలను చంపుతూ పోతే ఎన్ని వేలల్లోనో ఒకదాని కడుపులోంచి పడుతుంది. ఈ మరకైబో వీధుల్లో వాటిని సర్పాలని ఎవరూ అనరు, ఉడుములంటారు. పదకొండు నెలలు ఉడుములను చంపాక ఎదిలూస్‌కు ఆ టోపీ పడింది. పడిన రోజు సంతోషం పట్టలేక, లోయలో ఉన్న ప్రతివాడికీ కనబడేలా రాసింది: "మరకైబో ఆడదాన్ని. టోపీ కొట్టాను." డెన్మార్క్‌లో ఎవడో దానికి తొమ్మిది వందల డాలర్లు ఇస్తానన్నాడు. వాళ్ళకు డబ్బుంది, ఓపిక లేదు. ఇక్కడివాళ్ళకు ఓపిక తప్ప ఇంకేం లేదు. అందుకే ఈ బేరం సాగుతోంది.

తొమ్మిది వందల డాలర్లంటే పడవకు ఒక పాత మోటారు. ఏడాది కిందట సరస్సు మీద ముసుగులు కట్టుకున్న నలుగురు తుపాకి చూపించి, ఎదిలూస్ మొగుడు తూలియోను నీళ్ళలోకి తోసి, పడవ మోటారు విప్పుకుపోయారు. పడవను దయతలచి వదిలేశారు. అప్పటినుంచి పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది, తూలియో ఇంట్లో ఊయలలో పడి ఉన్నాడు. ఆ ఊయలలోంచి మొగుణ్ణి లేపడానికే ఎదిలూస్ మెడ పట్టేసేదాకా ఉడుములను చంపింది.

శుక్రవారం పొద్దున డెన్మార్క్‌వాడికి టోపీ అప్పజెప్పాలని పెట్టె తెరిస్తే ఖాళీ. ఆట అన్నీ రాసి పెడుతుంది. కింద ఒక వరుస ఉంది: గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పదిహేను నిమిషాలు, ఊదా టోపీ, వేరే బొమ్మకు ఇచ్చివేత. బదులు పుచ్చుకున్నది: ఏమీ లేదు.

ఎదిలూస్ ఆ వరుసను మూడుసార్లు చదివింది. గురువారం మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు దాకా ఆమె వీధికి కరెంటు లేదు. కరెంటు లేనప్పుడు ఆ బొమ్మ కాలువ అవతల, కొంపాద్రే వరసైన నేరియో ఇంట్లో ఉంటుంది.

చదివినవాళ్ళకు ఈ ఏర్పాటు గుర్తుండే ఉంటుంది. కాలువకు ఇవతల కరెంటు పోయినప్పుడు అవతల ఉంటుంది, అవతల పోయినప్పుడు ఇవతల ఉంటుంది. లోయలో మంచి చోటు దొరకడమే కష్టం. బొమ్మ కాసేపు కనబడకపోతే చోటు ఇంకొకడిది. అందుకని రెండిళ్ళవాళ్ళు ఒకే బొమ్మను వంతులవారీగా ఆడతారు. ఎదిలూస్ లేచే సమయానికి నేరియో కూతురు యుస్మరీ కూర్చుంటుంది. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉంటుంది. డెన్మార్క్‌వాడికి చెబితే నవ్వుతాడు, ఇంటి తాళం పక్కింటికి ఎవరిస్తారని. కరెంటు ఆరేసి గంటలు వాటా వేసుకుని బతికేవాళ్ళు నమ్మకాన్ని కూడా వాటా వేసుకోక తప్పదని వాడికేం తెలుసు?

కప్పు బల్ల మీద పెట్టింది ఎదిలూస్. పెట్టలేదు, కొట్టింది. చెవి విరిగి కింద పడింది. దాన్ని తీయలేదు.

తూలియో ఇంట్లో లేడు. పొద్దున్నే ఊయల ఖాళీగా ఉంది. ఒడ్డుకు వెళ్ళి ఉంటాడు. నిన్న సాయంత్రం అతని బొటనవేలి గోరు మీద నీలం రంగు చూసింది ఎదిలూస్. పడవకు రంగు వేస్తున్నాడన్నమాట అనుకుని, పైకి ఏమీ అనకుండా, ఒక చేప ముక్క ఎక్కువ వడ్డించింది. ఇప్పుడు ఆ గోరు గుర్తొచ్చింది. మోటారొస్తుందని నమ్మి రంగు వేసుకుంటున్న మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

చెప్పులేసుకుని బయటికి నడిచింది.

*

కాలువ మీద రెండు చెక్కలు వేసి ఉంటాయి. మామూలుగా వాటి మీద చేతులు చాపుకుని అడుగులో అడుగు వేసే మనిషి, ఆ పొద్దున పరుగులాంటి నడకతో దాటేసింది. అటు వీధికి ఆరు నుంచి పన్నెండు దాకా కరెంటు లేదు. ఇంట్లో ఎవరూ ఉండలేరు కనుక వీధి వీధంతా కుర్చీలు బయట వేసుకుని కూర్చుంది. వేపచెట్టు నీడలో నలుగురు మగవాళ్ళు డామినో బిళ్ళలు టపటపా కొడుతున్నారు. ముసలి దోన్యా కసీల్దా పాత క్యాలెండర్ అట్టతో విసురుకుంటోంది.

"ఏమ్మా ఎదిలూస్, అట్టా ఉరికొస్తున్నావు? మీ ఉడుములు గాని తరుముతున్నాయా?"

ఎదిలూస్ ఆగకుండా నడిచింది.

"పలకదు. డాలర్లొచ్చాక మాతో మాటలేముంటాయిలే," అంది కసీల్దా, డామినో ఆడేవాళ్ళకు వినబడేలా.

నేరియో ఇల్లంటే ఊరందరికీ ఫ్రిజ్‌ల ఇల్లు. కరెంటు ఉన్నట్టుండి ఎగసి కాలిపోయిన ఫ్రిజ్‌లన్నీ అతని ముంగిట్లోకే వస్తాయి. కొన్ని బాగుపడి పోతాయి, కొన్ని అక్కడే తుప్పు పడతాయి. నేరియో ఒక ఫ్రిజ్ వెనక కూర్చుని తీగలు పీకుతున్నాడు. అతని భార్య లిస్బెయిదా గడప పక్కన పొయ్యి పెట్టి, మగ్గిన అరటిపండూ మొక్కజొన్న పిండీ కలిపి చుట్టిన మందోకాలు వేయిస్తోంది. వాసన వీధి చివరిదాకా వస్తోంది.

లోపల్నుంచి యుస్మరీ వచ్చింది. పందొమ్మిదేళ్ళది. తలకు పసుపుపచ్చ గుడ్డ చుట్టుకుని ఉంది. పిండి చేతులు తుడుచుకుంటూ, మొహమంతా నవ్వుతో అంది:

"దీవెన, మద్రీనా."

ఆ పిల్లను చర్చిలో జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఎత్తుకున్నది ఎదిలూసే. అందుకే ఆమె ఆ పిల్లకు మద్రీనా, జ్ఞానతల్లి. అందుకే నేరియో, లిస్బెయిదాలకు ఆమె కొమాద్రే, ఆమెకు నేరియో కొంపాద్రే. ఈ ఊళ్ళో తోడబుట్టినవాళ్ళతో మాటలు మానేసినవాళ్ళు ఉన్నారు గాని, కొంపాద్రేతో మానేసినవాళ్ళు లేరు. జ్ఞానతల్లి కనబడగానే పిల్ల దీవెన అడగాలి. "దేవుడు నిన్ను దీవించాలి తల్లీ" అని జ్ఞానతల్లి అనాలి. జ్వరంలో ఉన్నా, ఏడుస్తున్నా, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని బట్టలు కుడుతున్నా ఆ మాట అనాల్సిందే. దీవెన ఎగ్గొట్టడం చెంప పగలగొట్టడం కంటే పెద్ద దెబ్బ.

ఎదిలూస్ అనలేదు.

పిల్ల వినబడలేదనుకుంది. కొంచెం గట్టిగా అంది. "దీవెన, మద్రీనా."

ఎదిలూస్ ఆమె కళ్ళలోకి చూస్తూ నిలబడింది. డామినో బిళ్ళల చప్పుడు ఆగిపోయింది. కసీల్దా అట్ట కూడా ఆగింది.

లిస్బెయిదా గరిటె కింద పెట్టింది. "కొమాద్రే, పిల్ల దీవెన అడుగుతోంది."

"వినబడింది."

"వినబడితే మరి?"

"దొంగలకు దీవెన లేదు నా దగ్గర."

ఫ్రిజ్ వెనక నుంచి నేరియో లేచాడు. నెమ్మదస్తుడు. మాట అనేముందు చేతులు తుడుచుకునే మనిషి. చేతులు తుడుచుకున్నాడు. "కొమాద్రే, ఎండకు వచ్చావు. కూర్చో. కాసిని నీళ్ళు తాగు. తర్వాత ఆ మాట ఎవర్నన్నావో చెప్పు."

"కూర్చోవడానికి రాలేదు. టోపీ ఎక్కడ, నేరియో?"

కొంపాద్రే అనకుండా పేరు పెట్టి పిలవడం పందొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. అతను దాన్ని మింగాడు.

"ఏ టోపీ?"

"ఏ టోపీయా. నా మెడ చూడు. ఇటు తిరగదు. పదకొండు నెలలు ఆ కుర్చీలో కూర్చుంటే తిరగడం మానేసింది. నా మొగుడు ఊయలలో పడుకుని ఇంటి కప్పులో రేకులు లెక్కపెడుతుంటే, నేను కళ్ళు కాయలు కాచేలా ఆ పాడు జంతువులను చంపాను. నీ కూతురు రోజుకు ఆరు గంటలు కూర్చుంటే దాని వాటా దానికి వారం వారం ఇచ్చాను. ఒక్క వారం తప్పానా? అడుగు. ఒక్క వారం తప్పానేమో అడుగు."

"తప్పలేదు," అంది యుస్మరీ. "మద్రీనా, టోపీ పోయిందా?"

"చూశావా, అడుగుతోంది. నా పెట్టెలోంచి తీసి ఇంకొకడి చేతిలో పెట్టి, పోయిందా అని నన్నే అడుగుతోంది. నిన్న మూడుంబావుకు ఎవరి చేతిలో ఉంది ఆ బొమ్మ? మా వీధిలో కరెంటు లేదు. వంతు ఎవరిది?"

"వంతు నాదే. కానీ..."

"నీదే. విన్నారుగా అందరూ." ఎదిలూస్ వీధి వైపు తిరిగింది. కోపంలో ఉన్న మనిషికి సాక్షులు కావాలి. వీధి నిండా సాక్షులే ఉన్నారు. "ఆ కాళ్ళు చూడండి. కొత్త చెప్పులు. కిందటి వారం దాకా తీగ కట్టిన చెప్పులతో మా ఇంటికొచ్చింది ఈ పిల్ల. ఎక్కణ్ణుంచి వచ్చాయమ్మా చెప్పులు? ఉడుము కడుపులోంచి పడ్డాయా?"

డామినో బల్ల దగ్గర ఎవడో కిసుక్కున నవ్వి, లిస్బెయిదా చూపు తగిలి నోరు మూసుకున్నాడు.

యుస్మరీ తన పాదాల వైపు చూసుకుంది. తర్వాత రెండు చేతులూ ఎత్తి తల గుడ్డ విప్పింది.

జుట్టు లేదు. నడుం దాకా ఉండే జడ, ఎదిలూస్ తన చేత్తో ఎన్నిసార్లు అల్లిందో లెక్కలేని జడ, చెవుల మీద దాకా కత్తిరించి ఉంది. ఎగుడుదిగుడుగా, గొర్రె ఉన్ని కోసినట్టు.

"మంగళవారం జుట్టు కొనేవాళ్ళు వచ్చారు," అంది లిస్బెయిదా. "చెప్పులూ, పది కిలోల బియ్యం. మద్రీనా చూస్తే తిడుతుందని మూడ్రోజులుగా గుడ్డ కట్టుకుని తిరుగుతోంది. నువ్వు తిడతావనే భయపడింది కొమాద్రే. ఇలా తిడతావని మాత్రం అనుకుని ఉండదు."

ఎదిలూస్ ఆ తల వైపే చూసింది. అయినా కోపం అంత తొందరగా దిగదు. కొండెక్కిన మనిషి దిగాలన్నా మెట్లు కావాలి. "జుట్టు సంగతి నేను అడగలేదు," అంది. "టోపీ సంగతి అడిగాను."

"అయితే టోపీ సంగతే మాట్లాడదాం," అన్నాడు నేరియో. అతని నెమ్మది అయిపోయింది. ఎదిలూస్ మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు, కానీ వదిలే పట్టు కాదు. వీధి మూల దాకా నడిపించాడు. "పైకి చూడు. నీ మెడ ఇటు తిరగదు గాని పైకి లేస్తుందిగా. చూడు."

స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ ఒక పక్క నల్లగా మాడి ఉంది. కొత్త తీగ ముక్క ఒకటి పాత తీగకు మెలిపెట్టి కట్టి ఉంది.

"నిన్న పన్నెండున్నరకు పేలింది. మా వంతు కరెంటు వచ్చి అరగంట కాలేదు. రాత్రి ఎనిమిదింటికి నేనే ఎక్కి కట్టాను. ఈ వీధిలో అడుగు. ఎవర్నైనా అడుగు. మధ్యాహ్నం మూడింటికి కరెంటు ఉందా?"

"నా కోడికూర కుక్కలకు వేశాను," అంది కసీల్దా, కుర్చీలోంచే. "రెండు నెలలకోసారి తెచ్చుకునే కోడి. కుళ్ళిపోయింది. ఇంకా ఏడుపొస్తోంది నాకు."

"నేను నీకు రాశాను, మద్రీనా." యుస్మరీ వెనకాలే వచ్చింది. గుడ్డ చేతిలోనే ఉంది, తలకు కట్టుకోలేదు. ఫోన్ చాపింది. తెర మీద ఉంది: "మద్రీనా, ఇక్కడ పేలిపోయింది. బొమ్మను తీసుకోలేను. చోటు పోతుందేమో, ఏం చెయ్యను?" కింద చిన్న గడియారం గుర్తు. పోలేదు. ఆ మెసేజ్ ఇంకా పోలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి టవర్ కూడా లేదు.

రెండిళ్ళలోనూ కరెంటు లేదు. రెండిళ్ళలోనూ లేకపోతే, మూడుంబావుకు ఆ బొమ్మను నడిపించింది ఎవరు?

ఎదిలూస్ ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయింది. ఇప్పటిదాకా ఆ కోపానికి ఒక ఇల్లుంది, ఇప్పుడు లేదు. అద్దె ఇంట్లోంచి గెంటేసిన కుటుంబంలా అది వీధిలో నిలబడి ఉంది.

"ఇంకొకళ్ళ దగ్గర పాస్‌వర్డ్ ఉండి ఉండాలి," అంది యుస్మరీ. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండు అనిపించేంత పొడిగా మాట్లాడుతోంది. "నేనెవరికీ చెప్పలేదు. అమ్మానాన్నలకు కూడా. మీరు చెప్పారా?"

ఎప్పుడూ 'నువ్వు' అనే పిల్ల 'మీరు' అంది. ఎదిలూస్‌కు అది తగిలింది.

"ఎవరికీ చెప్పలేదు."

"అది పడవ నంబరు. ఒడ్డున పడవ ముక్కు మీద జానెడేసి రాసుంది, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అంతా చూస్తారు. కానీ అదే పాస్‌వర్డని ఎవరికి తెలుసు? బాగా గుర్తు చేసుకోండి. ఎప్పుడైనా, ఎవరితోనైనా, మాటవరసకైనా?"

"ఎవరితోనూ..." అని ఎదిలూస్ ఆగింది.

మూడేళ్ళ కిందటి మాట. మొదటిసారి ఆటలో పేరు పెట్టుకున్న రోజు. తూలియో అప్పుడే సరస్సు నుంచి వచ్చి వల ఆరేస్తున్నాడు. ఎదిలూస్ నవ్వుతూ కేకేసింది: "ఇదిగో, నీ పడవ నంబరే పెట్టాను తాళం మాటగా. చదువురాని మొద్దువి, ఇదైతే నీకూ గుర్తుంటుంది." తూలియో కూడా నవ్వాడు. అతనికి అక్షరం ముక్క రాదు. కానీ ఆ నాలుగు అక్షరాలూ నాలుగు అంకెలూ మాత్రం చేతికి తెలుసు. ఏటా పవిత్ర వారంలో పడవకు రంగు వేసినప్పుడల్లా, ఒక్కో గీతా చూసి చూసి, బొమ్మ గీసినట్టు గీస్తాడు. అవి ఏ అక్షరాలో అతను చెప్పలేడు. చీకట్లో లేపి గీయమన్నా గీస్తాడు.

బొటనవేలి గోరు మీద నీలం రంగు.

"ఎవరు?" అన్నాడు నేరియో. ఆమె మొహం మారడం చూశాడు.

ఎదిలూస్ ఇంటి వైపు తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది. యుస్మరీ ముందు నిలబడింది. వీధి అంతా ఊపిరి బిగబట్టింది, ఇప్పుడు ఆ మాట అంటుందని.

కానీ పిల్ల అడగలేదు. పెదవులు బిగించి, కత్తిరించిన తల ఎత్తి, ఆమె భుజం మీదుగా ఎటో చూస్తూ నిలబడింది. అడిగితేనే దీవెన. అడగని దీవెన ఎలా ఇవ్వాలో ఎదిలూస్‌కు ఎవరూ నేర్పలేదు. ఆమె చెయ్యి సగం దాకా లేచి, అక్కడే ఆగి, కిందికి దిగింది.

"ఇంటికి వెళ్ళు, సెన్యోరా ఎదిలూస్," అన్నాడు నేరియో.

కొమాద్రే అనలేదు, పరాయి ఆడవాళ్ళను పిలిచే మాట వాడాడు.

*

ముందు ఒడ్డుకు వెళ్ళింది. దారిలో తనను తాను తిట్టుకోలేదు. దానికి తర్వాత సమయం ఉంటుంది. తూలియోను తిట్టడానికి మాటలు పోగేసుకుంటూ నడిచింది. ఎండ నెత్తిన దిమ్మెసలా కొడుతోంది. సరస్సు మీద చమురు తెట్టు ఎప్పటిలాగే రంగులు మారుతోంది.

పడవ బోర్లా పడి ఉంది. ముక్కు మీద నంబరు ఉంది. ఎదిలూస్ దాన్ని అరచేత్తో రుద్దింది. పొట్టు లేచి రాలింది. ఎండకు పగిలి, నీలం తెల్లబోయి, కిందటేడు వేసిన రంగే. కొత్త రంగు ఒక్క గీత లేదు.

అయితే ఆ రంగు ఎక్కడికి పోయింది?

ఇంటికి వచ్చేసరికి తలుపు లోపల్నుంచి గడియ వేసి ఉంది. పట్టపగలు, కరెంటు ఉన్న సమయంలో, తలుపు వేసుకునేవాళ్ళు ఈ వీధిలో ఎవరూ లేరు. రెండు చేతులతో బాదింది. గడియ తీసిన తూలియో ఒక్క అడుగు మాత్రం పక్కకు జరిగాడు.

పెరట్లో, నీళ్ళ డ్రమ్ము పక్కన, గోనె సంచులు కప్పి ఏదో ఉంది. ఎదిలూస్ సంచులు లాగేసింది.

మోటారు. కొత్తది కాదు. మూత మీద ఎడమ పక్క పిడికెడు సొట్ట ఉంది, వంతెన స్తంభానికి తగిలినప్పటి సొట్ట. దాని కింద మేరీమాత కాగితం బొమ్మ సగం ఊడి ఉంది. ఆ బొమ్మను పిండి జిగురుతో అంటించింది తనే.

"ఎక్కణ్ణుంచి?"

"మనదే."

"మనదని నాకు తెలీదా? నా చేత్తో అంటించిన బొమ్మ నాకు చూపిస్తున్నావా? ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడుగుతున్నాను."

తూలియో గోడకు ఆనుకున్నాడు. బొటనవేలి గోరును ఇంకో గోరుతో గీకుతున్నాడు. "బుధవారం ఒడ్డుకు ఒకడొచ్చాడు. నీ మోటారు భద్రంగానే ఉంది ముసలాడా అన్నాడు. మీ ఆవిడ దగ్గర ఒక టోపీ ఉందట కదా అన్నాడు. ఆ ఆటలో నువ్వే అందరికీ చాటావట, మరకైబో ఆడదాన్నని. మా వాడొకడు అదే లోయలో ఉన్నాడు, ఆ ఆడమనిషి ఎవరో కనుక్కోవడం కష్టం కాలేదు అన్నాడు."

"అయితే?"

"టోపీకి మోటారు. అంతే అన్నాడు. నేను అట్ట ముక్క మీద నంబరు గీసిచ్చాను."

"రంగుతో."

"రంగుతోనే. నాకు పెన్నుతో రాదుగా."

ఎదిలూస్ నవ్వింది. ఆ నవ్వుకు తూలియో తల దించుకున్నాడు. "తొమ్మిది వందల డాలర్లు. ఇంకొక్క పూట ఆగితే డెన్మార్క్‌వాడు పంపేవాడు. మంచి మోటారు కొనేదాన్ని. తుపాకులు పట్టుకుని నిన్ను నీళ్ళలోకి తోసినవాళ్ళ చేతిలో నా పదకొండు నెలలు పెట్టావు. నన్ను అడగాలని తోచలేదా నీకు?"

"అడిగితే ఇచ్చేదానివి కాదు."

"ఇచ్చేదాన్ని కాదు. ఎందుకివ్వాలి?"

"అందుకే అడగలేదు." తూలియో మొదటిసారి తలెత్తాడు. అతని కళ్ళలో కూడా కోపం ఉంది, ఏడాదిగా ఊయలలో పులిసిన కోపం. "కొనేదాన్ని, కొనేదాన్ని అంటావు. నువ్వు కొంటావు. నువ్వు కొన్న మోటారు మీద నేను వెళ్ళి చేపలు పట్టుకు రావాలి. ఒడ్డున ప్రతివాడూ అదిగో ఎదిలూస్ మోటారు పోతోంది అనాలి. ఇది నాది. మా అన్నా నేనూ కలిసి కొన్నది. నాది నేను తెచ్చుకున్నాను."

"నాదిచ్చి నీది తెచ్చుకున్నావు."

తూలియో మళ్ళీ గోరు గీకడం మొదలుపెట్టాడు.

"నీ మూలాన ఏం చేసొచ్చానో తెలుసా?" ఎదిలూస్ గొంతు తగ్గింది. తగ్గినకొద్దీ పదునెక్కింది. "యుస్మరీని వీధిలో నిలబెట్టి దొంగ అన్నాను. దీవెన అడిగింది. రెండుసార్లు అడిగింది. ఇవ్వలేదు. ఆ పిల్ల చెప్పుల కోసం జుట్టు అమ్ముకుంది తూలియో. నేనేమో ఆ చెప్పులు చూపించి దాన్ని దొంగ అన్నాను. నేరియో నన్ను సెన్యోరా అన్నాడు. నీ మోటారు మీద ఊరేగుతావుగా, పో, ఊరేగు. ఎవరొచ్చి చూస్తారో నేనూ చూస్తాను."

యుస్మరీ పేరు వినగానే తూలియో మొహంలో రంగు మారింది. గోరు గీకడం ఆపేశాడు.

"ఎదిలూస్. కూర్చో."

"కూర్చోను. పొద్దున్నుంచీ కూర్చో అని చెప్పేవాళ్ళే."

"వాళ్ళు టోపీ ఒక్కటే అడగలేదు."

పెరట్లో కోడి ఒకటి మోటారు మీదికి ఎగిరి కూర్చుంది. ఎవరూ దాన్ని అదిలించలేదు.

"పొద్దున మోటారు దింపేటప్పుడు అడిగారు. టోపీ కొట్టిన మనిషి కావాలన్నారు. వాళ్ళ దగ్గర జనరేటరుంది. ఇరవై కంప్యూటర్లున్నాయట, కరెంటు పోదట. ఆడేవాళ్ళను తీసుకుపోయి కూర్చోబెడుతున్నారు. ఇంటికి పంపరట. మీ ఆవిడేనా అని అడిగారు. తుపాకి సంచిలోనే ఉంది, బయటికి తియ్యలేదు. కానీ ఉంది. నేను కాదన్నాను. నా పెళ్ళాం వంటింటి మనిషి, బొమ్మ దాని పేరు మీదుంది గాని ఆడేది అది కాదన్నాను."

"మరి ఎవరన్నావు?"

తూలియో మోటారు వైపు చూశాడు.

"తూలియో. ఆడేది ఎవరని చెప్పావు?"

"నువ్వు లేకపోతే నేను..."

"ఎవరని చెప్పావు?"

"నేరియో కూతురు," అన్నాడు. "ఫ్రిజ్‌ల ఇల్లు అని చెప్పాను."

"ఎప్పుడొస్తామన్నారు?"

"పిల్ల కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు. కళ్ళతో చూసి మరీ తీసుకుపోతామన్నారు. కాలువ అవతల కరెంటు వచ్చాక..."

అతను ఆ మాట పూర్తి చెయ్యలేదు. అవసరం లేకపోయింది. కాలువ అవతల నుంచి ఒక్కసారిగా పెద్ద కేక లేచింది. పిల్లలూ, ముసలివాళ్ళూ, డామినో ఆడేవాళ్ళూ, వీధి వీధంతా కలిసి చప్పట్లు కొడుతూ వేసే కేక. రోజూ ఆ కేక వింటే ఎదిలూస్ తనూ నవ్వుకునేది.

పన్నెండయింది. వాళ్ళకు కరెంటు వచ్చింది.